ఆవిరి పడవ వెనుక తాడు పట్టుకుని నీళ్లపై తేలొచ్చా? మహానది పడవలు ఆగిన ఆరంగ్ దగ్గర మొదలయ్యే లెక్క

జలాశయాల దగ్గరికి విహారానికి వెళ్లేవారికి ఈ దృశ్యం కొత్తేమీ కాదు. మోటారు బోటు ముందు పోతుంటుంది. దాని వెనుక పొడవాటి తాడు. తాడు చివర గాలి నింపిన ట్యూబు మీదో, అరటిపండు ఆకారంలో ఉన్న బెలూన్ మీదో నలుగురైదుగురు కేకలు వేస్తూ కూర్చుని ఉంటారు. మలుపులో అందరూ నీళ్లలో పడతారు, నవ్వుతూ పైకి తేలుతారు.

ఆ బోటులో ఉండేది పెట్రోలు ఇంజిన్. దాని స్థానంలో బాయిలర్, పొగగొట్టం ఉన్న చిన్న ఆవిరి పడవను పెడితే ఈ ఆట సాధ్యమేనా?

సాధ్యమే. అయితే ఆట రూపం మారుతుంది. వేగం తగ్గుతుంది, కాళ్ల కింద పలక పెద్దదవుతుంది, పడవలో చూసుకోవాల్సిన పని పెరుగుతుంది. ఎందుకలా అని ఆరా తీస్తే, ఇప్పుడు మనం ఎక్కుతున్న బోట్లలో ఏది భద్రమో, ఏది కాదో కూడా అర్థమవుతుంది.

ఈ లెక్క వేసి చూడటానికి ఛత్తీస్‌గఢ్‌లోని ఆరంగ్ ఒక మంచి చోటు.

ఆరంగ్ ఎందుకు?

రాయపూర్‌కు తూర్పున, సంబల్‌పూర్ వైపు వెళ్లే జాతీయ రహదారి మీద ఉంటుంది ఆరంగ్. రాయపూర్ నుంచి సుమారు 35 కిలోమీటర్లు. మయూరధ్వజుడి కథను ఈ ఊరితో ముడిపెట్టి చెబుతారు. అతిథికిచ్చిన మాట కోసం రాజు శరీరాన్ని రంపంతో కోశారని, రంపాన్ని 'ఆరా' అంటారు కాబట్టి ఊరికి ఆ పేరు వచ్చిందని స్థానిక ఐతిహ్యం. ఊళ్లోని భాండ్ దేవల్ అనే పాత జైన ఆలయం చరిత్ర ప్రియులకు తెలిసినదే.

ఊరికి తూర్పున మహానది పారుతుంది. ధమ్‌తరీ జిల్లాలోని సిహావా కొండల్లో పుట్టిన నది, రాజిమ్ దగ్గర పైరీ, సోంఢూర్ నదులను కలుపుకొని ఆరంగ్ వైపు వస్తుంది. అక్కడి నుంచి సిర్‌పూర్ మీదుగా ఒడిశాలోకి వెళ్లి బంగాళాఖాతంలో కలుస్తుంది. మొత్తం ప్రయాణం సుమారు 858 కిలోమీటర్లు.

నది పుట్టిన చోటు నుంచి ఆరంగ్ సుమారు 190 కిలోమీటర్ల దిగువన ఉంది. ఒకప్పుడు సముద్ర ముఖం నుంచి ఎగువకు వచ్చే పడవలు ఇక్కడి వరకూ రాగలిగేవి. అంటే మహానది జలమార్గానికి ఆరంగ్ చిట్టచివరి మజిలీ. వానాకాలం నీళ్లున్నప్పుడు సరుకు పడవలకు ఇదొక దారి.

ఆ దారి రెండు విధాలుగా మూతపడింది. 19వ శతాబ్దం చివర్లో బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే వచ్చి సరుకును పట్టాలెక్కించింది. 1930ల తొలినాళ్లకు రాయపూర్-విజయనగరం మార్గం పూర్తయి, ఛత్తీస్‌గఢ్ సరుకు విశాఖ రేవుకు నేరుగా చేరే వీలు కలిగింది. ఆ తర్వాత హీరాకుడ్ ఆనకట్ట వచ్చింది. 1957 జనవరిలో నెహ్రూ దాన్ని ప్రారంభించారు. దిగువ పడవలకు, ఎగువ నదికి మధ్య గోడ పడినట్లయింది.

2016 నాటి జాతీయ జలమార్గాల చట్టంలో మహానదికి 64వ నంబరు దక్కింది. అది కూడా సంబల్‌పూర్ నుంచి పారాదీప్ వరకే. ఆరంగ్ ఆ పటంలో లేదు.

ఆవిరి పడవలు వచ్చిందే లాగడానికి

తాడు కట్టి లాగడం ఆవిరి పడవకు కొత్త పని కాదు. భారతదేశంలో అది మొదట పేరు తెచ్చుకుందే ఆ పనితో.

1823లో కలకత్తా దగ్గర ఖిదిర్‌పూర్‌లో 'డయానా' అనే చిన్న ఆవిరి పడవ నీళ్లలోకి దిగింది. మరుసటి ఏడాది మొదలైన బర్మా యుద్ధంలో ఈస్టిండియా కంపెనీ దాన్ని వాడుకుంది. గాలి లేక తెరచాప ఓడలు కదలనప్పుడు, ఈ చిన్న పడవ వాటిని ఇరావతి నదిలో ఎగువకు లాగింది.

1834 నుంచి గంగా నదిలో మొదలైన సర్వీసులో మరో విచిత్రం కనిపిస్తుంది. 'లార్డ్ విలియం బెంటింక్' అనే ఇనుప ఆవిరి పడవలో ప్రయాణికులు ఎక్కేవారు కాదు. దాని వెనుక కట్టిన వేరే పడవలో కూర్చునేవారు. ఇసుక మేటలతో నిండిన గంగలో పడవ అడుగు ఎక్కువ లోతుకు దిగకూడదు. బాయిలర్, బొగ్గు, సరుకు, మనుషులు అన్నీ ఒకే పడవలో వేస్తే అది కూరుకుపోతుంది. బరువును రెండుగా విడగొట్టి వెనకది లాగితే రెండూ తేలికగా సాగుతాయి. పైగా బాయిలర్ వేడికీ, చప్పుడుకూ ప్రయాణికులు దూరంగా ఉండేవారు.

తెలుగు నేల మీద ఇలాంటి ప్రయత్నమే గోదావరిలో జరిగింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయ్యాక, సర్ ఆర్థర్ కాటన్ దృష్టి ఎగువకు మళ్లింది. మధ్య పరగణాల పత్తిని గోదావరి మీదుగా సముద్రానికి చేర్చాలన్నది ఆలోచన. నదికి అడ్డుగా ఉన్న రాతి వరుసలను దాటించడానికి దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, కాలువ పనులు చేపట్టారు. ఖర్చు పెరుగుతూ పోవడం, రైళ్లు రావడంతో 1871లో ఆ పనులు ఆపేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట మాత్రం మిగిలింది.

మిగిలిన మరో గుర్తు మాటల్లో ఉంది. పాపికొండలకు వెళ్లే పడవను గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ 'లాంచీ' అంటారు. నడిపే మనిషి 'సరంగు'. చిన్న ఆవిరి పడవల కాలం నుంచి వాడుకలో ఉన్న ఈ మాటలు, ఇంజిన్ డీజిల్‌కు మారినా మారలేదు.

మనిషిని లాగే ఆట ఎప్పుడు మొదలైంది?

పడవ వెనుక పలక కట్టి, దాని మీద నిలబడే ఆట 20వ శతాబ్దం తొలి దశకాల్లో అమెరికా, ఐరోపాల్లో వ్యాపించింది. రెండు కాళ్లకూ వేర్వేరు పలకలు కట్టుకుని నీళ్లపై జారే వాటర్ స్కీయింగ్‌కు మాత్రం ఒక తేదీ, ఒక ఊరు ఉన్నాయి.

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో పెపిన్ సరస్సు ఒడ్డున లేక్ సిటీ అనే ఊరుంది. 1922లో అక్కడి 18 ఏళ్ల రాల్ఫ్ శామ్యూల్‌సన్‌కు మంచు మీద జారినట్టే నీటి మీద ఎందుకు జారకూడదన్న ఆలోచన వచ్చింది. మొదట పీపా చెక్కలు కట్టుకున్నాడు, మునిగాడు. మంచు స్కీలు కట్టుకున్నాడు, మళ్లీ మునిగాడు. చివరకు సుమారు ఎనిమిది అడుగుల పొడవు, తొమ్మిది అంగుళాల వెడల్పు ఉన్న రెండు పలకలు తెచ్చి, వాటి కొనలను రాగి పాత్రలో మరిగే నీళ్లలో ఉడికించి పైకి వంచాడు.

పడవను అన్న బెన్ నడిపాడు. చాలాసార్లు పడ్డాక, జులై 2న రాల్ఫ్‌కు కిటుకు దొరికింది. వెనక్కి వాలి, పలకల కొనలు నీటిపైకి కనిపించేలా పట్టుకుంటే నీరే మనిషిని పైకి నెడుతుంది.

రాల్ఫ్ పలకల కొనలు వంచింది మరిగే నీళ్లతోనే అయినా, అతన్ని లాగింది మాత్రం మోటారు పడవ. దానికి కారణం ఉంది.

ఆవిరి పడవ ఎందుకు వేగంగా పోలేదు?

ఇంజిన్ బలం తక్కువ కాబట్టి అనుకుంటారు చాలామంది. అసలు అడ్డంకి పడవ ఆకారంలో ఉంది.

నీటిని చీల్చుకుంటూ పోయే పడవ తన ముందు ఒక అల లేపుతుంది. వేగం పెరిగే కొద్దీ ఆ అల పొడవు పెరుగుతుంది. అల పొడవు పడవ పొడవుతో సమానమయ్యే వేగం ఒకటుంటుంది. అక్కడికి చేరాక పడవ ముక్కు ఒక అల శిఖరం మీద, వెనుక భాగం పల్లంలోకి జారుతూ ఉంటుంది. ఇంకా వేగం పెంచాలంటే తాను లేపిన అలనే తాను ఎక్కాలి. ఎత్తు ఎక్కుతున్న ఎడ్లబండిలా ఇంజిన్ బలమంతా అక్కడే ఖర్చవుతుంది.

దీనికి ఒక సులువైన లెక్క ఉంది. నీటిమట్టం దగ్గర పడవ పొడవును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.5తో గుణిస్తే ఆ పరిమితి వేగం గంటకు కిలోమీటర్లలో వస్తుంది. ఆరు మీటర్ల పడవకు ఇది సుమారు 11 కిలోమీటర్లు. తొమ్మిది మీటర్ల పడవకు 13.5 కిలోమీటర్లు.

మోటారు బోటు ఈ గోడను దాటుతుంది. దాని అడుగు బల్లపరుపుగా, బరువు తక్కువగా, ఇంజిన్ శక్తిమంతంగా ఉంటుంది కాబట్టి నీటి మీదికి లేచి జారుతుంది. బాయిలర్, అందులోని నీరు, ఇంధనం మోసే చిన్న ఆవిరి పడవ అంత తేలిక కాదు.

ఆవిరి అంటేనే నిదానం అని దీని అర్థం కాదు. 1897లో చార్లెస్ పార్సన్స్ తన ఆవిరి టర్బైన్ నౌక 'టర్బినియా'ను బ్రిటన్ నౌకాదళ వేడుకలో గంటకు 60 కిలోమీటర్లకు పైగా పరుగెత్తించి అందరినీ నివ్వెరపరిచారు. కానీ అది 30 మీటర్ల పొడవున్న సన్నటి నౌక. నలుగురు సరదాగా తిరిగే లాంచీ కాదు.

11 కిలోమీటర్ల వేగంలో మనిషి తేలేదెలా?

రెండు స్కీల మీద పెద్దవాళ్లు నిలబడాలంటే సాధారణంగా గంటకు 40 కిలోమీటర్ల వేగం కావాలి. పోటీల్లో ఒంటి స్కీ మీద పురుషులు 58 కిలోమీటర్ల వేగంతో వెళ్తారు.

నీరు పలకను పైకి నెట్టే బలం రెండింటిపై ఆధారపడుతుంది. ఒకటి పలక వైశాల్యం, రెండోది వేగం. ఇక్కడ వేగం వర్గం లెక్కలోకి వస్తుంది. వేగం సగమైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. 40 కిలోమీటర్ల నుంచి 11 కిలోమీటర్లకు తగ్గితే బలం సుమారు 13 రెట్లు తగ్గుతుంది. దాన్ని పూడ్చాలంటే పలక 13 రెట్లు పెద్దదవ్వాలి. అలాంటి స్కీలు ఎవరూ కాళ్లకు కట్టుకోలేరు.

అందుకే ఆవిరి పడవ వెనుక ఆట వేరే సూత్రం మీద నడవాలి. వేగం మోయలేని బరువును తేలే గుణంతో మోయించాలి. ఒక లీటరు ఘనపరిమాణం నీళ్లలో మునిగితే సుమారు ఒక కిలో బరువును మోస్తుంది. 200 లీటర్ల ఘనపరిమాణం ఉన్న వెడల్పాటి పలక, తన బరువు పోను, కదలకుండా ఉన్నప్పుడే 80 కిలోల మనిషిని మోసేస్తుంది. తెడ్డుతో నడిపే నిలువు పలకలు, గాలి ట్యూబులు, చిన్న దోనెలు అన్నీ ఈ కోవలోవే.

వాటిని 10, 11 కిలోమీటర్ల వేగంతో లాగితే పలక ముక్కు లేస్తుంది, నీరు పక్కలకు చిమ్ముతుంది, నిలబడ్డవారికి కాళ్ల కింద నది పరుగెడుతున్నట్టే ఉంటుంది. పడితే దెబ్బ చాలా తక్కువ. పిల్లలకు, కొత్తవారికి ఇది 40 కిలోమీటర్ల స్కీ కన్నా ఎంతో నయం.

పడవ లేపిన అల కూడా ఆటలో భాగమే. అది పడవతో సమాన వేగంతో ప్రయాణిస్తుంది. పలక మీదున్న మనిషి అల ముందు వాలు మీదికి చేరితే తాడు మీద లాగుడు తగ్గినట్టు తెలుస్తుంది. కాసేపు అలే అతన్ని మోసుకెళ్తుంది.

చిన్న ఇంజిన్‌కు అంత బలం ఉంటుందా?

తాడు మీద పడే లాగుడు 20 కిలోల బరువుకు సమానమనుకుందాం. గంటకు 11 కిలోమీటర్ల వేగంలో దాన్ని లాగడానికి కావాల్సిన శక్తి సుమారు 600 వాట్లు, అంటే ఒక హార్స్‌పవర్ కన్నా తక్కువ. అదే లాగుడుతో 40 కిలోమీటర్ల వేగంలో వెళ్లాలంటే మూడు హార్స్‌పవర్ కావాలి. ప్రొపెల్లర్ దగ్గర సగం శక్తి వృథా అయినా, అయిదు హార్స్‌పవర్ ఆవిరి ఇంజిన్ ఉన్న చిన్న పడవ ఒకరిద్దరిని నిదానంగా లాగగలదు.

ఇక్కడ ఆవిరికి ఒక సొంత బలం ఉంది. పెట్రోలు ఇంజిన్ చాలినంత వేగంతో తిరిగితేగానీ బలం ఇవ్వదు. ఆవిరి ఇంజిన్‌లో ప్రొపెల్లర్ ఇంకా కదలకముందే పిస్టన్ మీద పూర్తి ఒత్తిడి ఉంటుంది. కవాటాన్ని కొద్దికొద్దిగా తెరిస్తే తాడు మెల్లగా బిగుసుకుంటుంది, మనిషి కుదుపు లేకుండా కదులుతాడు. కొత్తవారు ఎక్కువగా పడేది బయలుదేరే క్షణంలోని కుదుపుతోనే.

రెండో లాభం నిశ్శబ్దం. ఆవిరి పడవలో పెద్దగా చప్పుడుండదు. వెనుక ఉన్నవారు అరిస్తే పడవలోవారికి వినిపిస్తుంది.

నష్టమూ ఉంది. తాళం తిప్పగానే ఇంజిన్ అందుకోదు. నిప్పు రాజేసి ఆవిరి తయారయ్యే దాకా ఆగాలి. ఆట మధ్యలో పడవను ఆపినా కింద నిప్పు ఆగదు. వాడని ఆవిరి సేఫ్టీ వాల్వు గుండా బుసకొడుతూ బయటికి పోతుంది. కాబట్టి నడిపేవారు వేరు, నిప్పు చూసేవారు వేరు, వెనుక తాడు చివర ఉన్న మనిషిని గమనించేవారు వేరు ఉండాలి.

తాడు ఎక్కడ కట్టాలన్నదే అసలు ప్రశ్న

పడవ చిట్టచివర, వెనుక అంచుకు తాడు కట్టడం సహజంగా తోచే పని. ఓడలను లాగే టగ్గుల వారు అలా చేయరు. వెనుక అంచుకు బరువు కడితే చుక్కాని ఎంత తిప్పినా పడవ సరిగ్గా తిరగదు. తాడు పడవ వెనుక భాగాన్ని పట్టి ఉంచుతుంది. అందుకే టగ్గుల కొక్కెం పడవ మధ్య భాగానికి దగ్గరగా ఉంటుంది. నేటి స్కీ బోట్లలో తాడు కట్టే కంబం కూడా నడుమనే ఉంటుంది.

మధ్యలో కట్టడానికీ ఒక ప్రమాదం ఉంది. తాడు పూర్తిగా పక్కకు వచ్చి బిగుసుకుంటే పడవను అడ్డంగా లాగి బోల్తా కొట్టించగలదు. భారీ ఓడను లాగే టగ్గులు ఇలా మునిగిన సందర్భాలున్నాయి. ఒక మనిషి బరువు ఆరు మీటర్ల పడవను బోల్తా కొట్టించకపోవచ్చు. కానీ నలుగురైదుగురున్న బెలూన్ అడ్డంగా తిరిగి నీటిలో కూరుకుంటే లాగుడు ఒక్కసారిగా పెరుగుతుంది. అలాంటప్పుడు తాడును క్షణంలో వదిలేసే కొక్కెం ఉండాలి.

ఆవిరి పడవలో మరో చిక్కు కూడా ఉంది. నడుమ భాగంలో బాయిలర్, పొగగొట్టం ఉంటాయి. అక్కడి నుంచి తాడు వెనక్కి పోవాలంటే మనుషుల తలల పక్కగా పోవాలి. అందుకని తాడు ఎత్తులో ఆనుకుని జారేలా అడ్డంగా ఇనుప కమాను ఒకటి పెడతారు. కట్టెలు మండిస్తే నిప్పురవ్వలు లేస్తాయి. నైలాన్ తాడు వేడికి కరుగుతుంది కాబట్టి దాన్ని పొగగొట్టానికి దూరంగా ఉంచాలి.

బాయిలర్‌తో చెలగాటం కాదు

నీరు మామూలు గాలి ఒత్తిడిలో ఆవిరైతే సుమారు 1,600 రెట్లు వ్యాపిస్తుంది. బాయిలర్‌లో ఒత్తిడి వాతావరణం కన్నా ఏడు రెట్లు ఎక్కువుంటే లోపలి నీరు సుమారు 170 డిగ్రీల దగ్గర ద్రవంగానే ఉంటుంది. బాయిలర్ పగిలితే ఆ నీటిలో సుమారు ఎనిమిదో వంతు ఒక్కసారిగా ఆవిరవుతుంది. 100 లీటర్ల నీరున్న బాయిలర్ నుంచి ఒక గది నిండేంత ఆవిరి కనురెప్పపాటులో వస్తుంది. పేలుడు అంటే అదే.

1865 ఏప్రిల్‌లో అమెరికాలో మిసిసిపీ నదిపై 'సుల్తానా' అనే ఆవిరి నౌక బాయిలర్లు పేలి 1,100 మందికి పైగా చనిపోయారు. పట్టేవారికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ మందిని అందులో ఎక్కించారు.

మన దేశంలో 1863లో కలకత్తాలో జరిగిన బాయిలర్ పేలుడు తర్వాతే తనిఖీ చట్టం వచ్చింది. 1864లో బెంగాల్ ప్రభుత్వం మొదలుపెట్టిన ఆ తనిఖీలు, 1923లో దేశమంతటికీ బాయిలర్ల చట్టంగా విస్తరించాయి. 2025లో దాని స్థానంలో కొత్త బాయిలర్ల చట్టం వచ్చింది.

చిన్న పడవైనా ఆవిరికి మూడు కాపలాలు తప్పవు. మొదటిది, ఒత్తిడి హద్దు దాటితే తనంతట తానే తెరుచుకునే సేఫ్టీ వాల్వు. రెండోది, లోపలి నీటిమట్టాన్ని చూపే గాజు గొట్టం. మూడోది, నీరు తగ్గి లోహం వేడెక్కితే కరిగి నిప్పు మీదికి ఆవిరిని వదిలే ప్లగ్. నీరు తగ్గడమే బాయిలర్‌కు అన్నిటికన్నా పెద్ద గండం. ఆటలో పడి గాజు గొట్టం వైపు చూడటం మరిచిపోకూడదు.

చట్టం పేరులోంచి ఆవిరి పోయింది

దేశంలోని నదుల్లో తిరిగే పడవల కోసం 1917లో చేసిన చట్టం పేరులోనే 'ఆవిరి నౌకలు' అన్న మాట ఉంది. ఆవిరి పడవలు పోయి డీజిల్ లాంచీలు వచ్చినా చాలా కాలం అదే పేరు కొనసాగింది. 1977 సవరణలో ఆ మాట తీసేశారు. చివరకు 2021లో కొత్త అంతర్గత నౌకల చట్టం దాని స్థానాన్ని తీసుకుంది. యంత్రంతో నడిచే పడవలకు సర్వే, రిజిస్ట్రేషన్, నడిపేవారికి అర్హత పత్రం, బీమా లాంటివి దేశమంతటా ఒకే తీరుగా ఉండాలన్నది దీని ఉద్దేశం.

కాగితం మీద నియమాలున్నా ప్రమాదాలు ఆగలేదన్నది తెలుగువారికి చేదు అనుభవం. 2017 నవంబర్ 12న విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణా నదిలో పడవ బోల్తా పడి 20 మందికి పైగా మరణించారు. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల విహారానికి వెళ్తున్న బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగిపోయింది. అందులో 77 మంది ఉన్నట్టు అధికారులు తేల్చారు. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి.

ఈ ప్రమాదాల తర్వాత చర్చంతా ఇంజిన్ చుట్టూ తిరగలేదు. ఆ రోజు ఆ నీటిలోకి పడవను ఎవరు వదిలారు, ఎంతమందిని ఎక్కించారు, లైఫ్ జాకెట్లు ఒంటి మీద ఉన్నాయా అన్నవే ప్రశ్నలు.

మరి ఆరంగ్ దగ్గర కుదురుతుందా?

మహానదిలో నీరు ఎక్కువగా పారేది జూన్ నుంచి అక్టోబర్ వరకు. ఆ నెలల్లో వరద, సుడులు, కొట్టుకొచ్చే దుంగలు ఉంటాయి కాబట్టి తాడు ఆటకు నది పనికిరాదు. ఎండాకాలానికి ఇసుక పాయలు మిగులుతాయి. ఎగువన రాజిమ్ సంగమంలో మాఘ పున్నమి జాతర జరిగేది నది ఇసుక మీదే. అంటే నది శాంతించే వేళకు లోతు పోతుంది, లోతున్న వేళ శాంతి ఉండదు.

ఈ ఆటకు నిలకడ నీరు కావాలి. ప్రొపెల్లర్ ఇసుకకు తగలకుండా, పడ్డ మనిషి తల నేలకు తగలకుండా ఉండేంత లోతు కావాలి. తాడు పొడవు సాధారణంగా 20 మీటర్లకు పైనే ఉంటుంది. మలుపులో మనిషి పడవ కన్నా వెడల్పుగా తిరుగుతాడు కాబట్టి ఒడ్డు చాలా దూరంలో ఉండాలి. ఇవన్నీ జలాశయంలోనే దొరుకుతాయి. ధమ్‌తరీ దగ్గరి గంగ్రేల్ జలాశయం జలక్రీడలకు కేంద్రమైంది అందుకే.

ఆరంగ్ ప్రాంతంలో మహానదిపై సమోదా బ్యారేజీ ఉంది. ఇలాంటి బ్యారేజీల వెనుక నీరు నిలుస్తుంది. కానీ ఆ నీటికి విలువ ఎక్కువ, హక్కుదారులూ ఎక్కువే. ఎగువ బ్యారేజీల వల్ల తమకు నీరు తగ్గుతోందని ఒడిశా అభ్యంతరం చెప్పడంతో, 2018 మార్చిలో కేంద్రం మహానది జల వివాదాల ట్రిబ్యునల్ వేసింది. సాగుకు, తాగడానికి, పరిశ్రమలకు పంచుకోవాల్సిన నీరది. ఆట కోసం మట్టం నిలిపి ఉంచండని ఎవరూ అడగలేరు. ఇతరుల కోసం నిలిచిన నీటిలో, వారి అవసరాలకు అడ్డం రాకుండా ఆడుకోవాల్సిందే.

ఆ కొలతలో చూస్తే నిదానమైన పడవకు కొన్ని సానుకూలతలున్నాయి. తక్కువ వేగంలో చిన్న పడవ లేపే అల చిన్నది, గట్లను తక్కువగా కోస్తుంది. చేపల వలలకు, తెప్పలకు ఇబ్బంది తక్కువ. అయితే సిలిండర్‌లో వేసే నూనె ఆవిరితో కలిసి నీటిలోకి పోకుండా వడకట్టాలి. బొగ్గు బూడిదను నదిలో కలపకూడదు. తాగునీరు తీసుకునే చోట ఆట పెట్టనేకూడదు.

తాడు పట్టుకునే ముందు చూసుకోవాల్సినవి

పడవ ఆవిరిదైనా పెట్రోలుదైనా ఎక్కేవారు అడగాల్సిన ప్రశ్నలు దాదాపు ఒకటే.

• నడిపే మనిషి కాక, వెనక్కి తిరిగి మిమ్మల్నే గమనించే మనిషి పడవలో ఉన్నారా? ఒక్కరే రెండు పనులు చేస్తానంటే ఎక్కకపోవడమే మంచిది.

• లైఫ్ జాకెట్ మీ కొలతకు సరిపోయిందా, బెల్టులు బిగించారా? ఈత వచ్చినా జాకెట్ తప్పదు.

• తాడు ఎక్కడ కట్టారు? అవసరమైతే వెంటనే వదిలేసే ఏర్పాటు ఉందా? తాడును చేతికి, నడుముకు చుట్టుకోవద్దు. పిడి మాత్రమే పట్టుకోవాలి.

• సైగలు ముందే చెప్పారా? బొటనవేలు పైకి చూపితే వేగం పెంచమని, కిందికి చూపితే తగ్గించమని అర్థం. పడ్డాక రెండు చేతులూ తలపైన కలిపితే బాగానే ఉన్నానని చెప్పినట్టు.

• పడ్డవారిని ఎక్కించుకునేటప్పుడు ప్రొపెల్లర్ పూర్తిగా ఆపుతున్నారా? వెనక్కి నడుపుతూ మనిషి దగ్గరికి రావడం ఎప్పుడూ ప్రమాదమే.

• ఆ రోజు నీటి పరిస్థితి ఏమిటి? ఎగువ నుంచి నీరు వదులుతున్నారా? పడవకు రిజిస్ట్రేషన్ ఉందా? ఎంతమందికి అనుమతి, ఎంతమంది ఎక్కారు?

ఆవిరి పడవైతే మరొక్కటి చూసుకోవాలి. బాయిలర్‌కు తనిఖీ జరిగిందా, గాజు గొట్టంలో నీరు కనిపిస్తోందా, నిప్పు చూసుకునే మనిషి దాని పక్కనే ఉన్నారా అన్నది.

గంటకు 11 కిలోమీటర్ల వేగంతో పోయే పడవలో ఈ తనిఖీలన్నింటికీ సమయం ఉంటుంది. 40 కిలోమీటర్ల వేగంతో పోయే బోటులో ఆ సమయం ఉండదు. అందుకే అవన్నీ తాడు బిగుసుకోక ముందే, ఒడ్డు మీద ఉండగానే పూర్తి కావాలి.